పుల్లచెర్రీ : ఆహారమా? ఔషధమా?

ఆరోగ్యమే మహాభాగ్యమన్న పెద్దల మాటను కాదనగలవారు లేరు. అయితే ఆ భాగ్యాన్ని సీసాలలోనూ క్యాప్సూళ్లలోనూ నింపి అమ్మవచ్చునని నేటి వ్యాపారలోకం మనలను నమ్మిస్తున్నది. ‘ప్రకృతిసిద్ధం’ అన్న ఒక్క మాట అట్టపై కనిపించినంతనే విద్యావంతులు సైతం ప్రశ్నించడం మానివేస్తున్నారు. అట్టి సరుకులలో ఒకటి పుల్లచెర్రీ. కీళ్లనొప్పులు తగ్గుతాయని, సుఖనిద్ర పడుతుందని, వ్యాయామం వలన కలిగే కండరాల నొప్పి ఉపశమిస్తుందని దీనిని గురించి ప్రచారం జరుగుతున్నది. ఈ మాటలలో సత్యమెంత, అతిశయోక్తి ఎంత అని విచారించడమే మా ఉద్దేశం.

మొదట పండును గుర్తించాలి. మన బేకరీలలో కేకులమీద ఎర్రగా మెరిసే ‘చెర్రీ’ అనేక సందర్భాలలో చెర్రీయే కాదు. వాక్కాయను పంచదార పాకంలో ఊరవేసి రంగు వేసినది. కాశ్మీరులో పండి వేసవిలో మన బజారుకు వచ్చేది తీపి చెర్రీ. ఉర్దూలో దానిని గిలాస్ అంటారు. పుల్లచెర్రీ దాని దాయాది. ఫార్సీలో ఇది ఆల్బాలూ. మన యునానీ హకీములు దీనినే ఆలూబాలూ అని పిలిచి, మూత్రపిండాలలోని రాళ్లకు వాడే మందులలో చేర్చినారు. ఇరానులో ఆల్బాలూ పలావు, టర్కీలో దీని షర్బతు ప్రసిద్ధములు. నేడు వైద్య పరిశోధనలలో ఎక్కువగా వాడబడుతున్న మాంట్‌మొరెన్సీ రకానికి ఫ్రాన్సు దేశపు ఊరి పేరు వచ్చినప్పటికీ, దాని విస్తార సేద్యం అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో జరుగుతున్నది. కావున ఈ పండు మనకు కేవలం పరాయిది కాదు; పేరు మారి, వేషం మారి తిరిగి వచ్చిన పాత పరిచయమే.

ఈ పండుకు ఎర్రదనాన్నిచ్చే ఆంథోసయనిన్లు అనే వర్ణద్రవ్యాలకు వాపును తగ్గించే గుణం కలదని ప్రయోగశాలలలో కనుగొన్నారు. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, దాని స్ఫటికాలు కీళ్లలో చేరి, కాలి బొటనవ్రేలు నిప్పువలె మండే వ్యాధిని గౌట్ అంటారు. యునానీలో దీని పేరు నిఖ్రిస్. 1950లో అమెరికాలోని టెక్సాస్‌లో బ్లౌ అనే ఆయన, చెర్రీలు తిన్న 12 మంది రోగులకు ఉపశమనం కలిగినదని ప్రకటించినాడు. పోల్చి చూచుటకు వేరొక వర్గం లేని పరిశీలన అది. 2012లో బోస్టన్ పరిశోధకులు 633 మంది గౌట్ రోగుల వివరాలను సేకరించి, చెర్రీలు తిన్న రెండు దినాలలో నొప్పి తిరగబెట్టే అవకాశం 35 శాతం తక్కువగా ఉన్నదని తెలిపినారు. ఇది ఆశాజనకమే. కాని న్యూజీలాండులో 50 మంది రోగులపై 28 రోజులు జరిపి, 2020లో ప్రచురించిన ప్రయోగంలో పుల్లచెర్రీ సారం యూరిక్ ఆమ్లాన్ని తగ్గించలేకపోయినది. మొదటి వార్తను చాటేవారు ఈ రెండవ వార్తను చెప్పరు.

క్రీడాకారుల విషయంలో ఫలితాలు కొంత మెరుగు. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 14 మంది కళాశాల విద్యార్థులచేత చేతి కండరాలకు కఠిన శ్రమ చేయించగా, ఉత్త పానీయం త్రాగినప్పుడు తరువాతి నాలుగు దినాలలో బలం సగటున 22 శాతం తగ్గినది. చెర్రీ రసం త్రాగినప్పుడు 4 శాతమే తగ్గినది. నిద్ర విషయంలోనూ 2012లో 20 మందిపై ఏడు రోజులు జరిపిన ప్రయోగంలో కొంత మేలు కనిపించినది. ఆ పండులో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ ఉండటమే ఇందుకు కారణమంటారు. ఇక్కడ కొంచెం లెక్క వేయవలసి ఉన్నది. మాంట్‌మొరెన్సీ పండులో గ్రాముకు సుమారు 13 నానోగ్రాముల మెలటోనిన్ మాత్రమే ఉన్నట్లు 2001లో కొలిచినారు. ఒక మిల్లీగ్రాము మెలటోనిన్ మాత్రకు సరితూగాలంటే దాదాపు 77 కిలోల పండ్లు కావాలి! కావున నిద్రకు మేలు కలిగినది నిజమే అయినా, దానికి వేరే కారణం వెతకవలసిందే.

పరీక్షకు కూర్చున్నవారు పదునాలుగురు, ఇరువదిమంది మాత్రమే అయినప్పుడు ఆ ఫలితాన్ని లోకమంతటికీ అన్వయించడం తొందరపాటు. పైగా ఈ పరిశోధనలలో కొన్నింటికి ధనసహాయం చేసినది చెర్రీ వ్యాపార సంఘాలే. 2005లో అమెరికా ఆహార, ఔషధ శాఖ రుజువులేని రోగనివారణ మాటలతో చెర్రీ సరుకులు అమ్ముతున్న 29 సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపినది. మన దేశంలోనూ 2016 నాటి నిబంధనల ప్రకారం ఇట్టి పోషక సరుకుల అట్టపై ‘ఔషధంగా వాడుటకు కాదు’ అని ముద్రించవలసి ఉన్నది. ఆ చిన్న అక్షరాలను చదివేవారు ఎందరు?

అట్లని మేము దేశీయ వైద్యాన్ని గాని, పండ్ల గుణాలను గాని తృణీకరించడం లేదు. హకీం అజ్మల్ ఖాన్ గారు యునానీ వైద్యానికి తలమానికమై ఉండి కూడా మూలికలను రసాయన పరీక్షకు నిలబెట్టవలెనని సంకల్పించినారు. ఆయన ప్రోత్సహించిన సలీముజ్జమాన్ సిద్దీఖీ గారు 1931లో సర్పగంధి వేరునుండి ఒక ద్రవ్యాన్ని వేరుచేసి, గురుతుల్యుని పేరిట దానికి అజ్మలీన్ అని నామకరణం చేసినారు. అది గుండె లయకు సంబంధించిన వైద్యంలో ఉపయోగపడినది. సంప్రదాయాన్ని గౌరవించడమంటే దానిని పరీక్షించడానికి వెరవకపోవడమే అని ఈ చరిత్ర మనకు బోధిస్తున్నది. పుల్లచెర్రీకి కూడా ఇదే న్యాయం వర్తించాలి.

నష్టమేమిటి, పండే కదా అనేవారున్నారు. పండుతో నష్టం లేదు, భ్రమతోనే నష్టం. గౌట్ రోగి వైద్యుడిచ్చిన మందు మాని చెర్రీ సీసాను నమ్ముకుంటే కీళ్లు శాశ్వతంగా దెబ్బతినవచ్చు, మూత్రపిండాలకూ హాని కలుగవచ్చు. చక్కెర కలిపిన చెర్రీ పానకం మధుమేహ రోగికి తగదు. పైగా చక్కెరలోని ఫ్రక్టోజ్ యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది కూడా. నహారీ, పాయా మానకుండా, నీరు తగినంత త్రాగకుండా, ఎర్రని మాత్ర మ్రింగితే ఫలమేమి? ‘పర్‌హేజ్ ఇలాజ్ సే బెహతర్ హై’ అని మన ఇండ్లలో పెద్దలు ఊరకే అనలేదు. చికిత్సకంటె పథ్యమే మిన్న.

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మన బలహీనతను చక్కగా పట్టుకొన్నది. చెర్రీలోని ఆంథోసయనిన్ల కుటుంబమే మన నేరేడు తోలులోనూ, ఫాల్సా పండులోనూ ఉన్నది. సి విటమిన్‌లో ఉసిరికను మించిన పండ్లు బహు స్వల్పం. ఇవి గౌట్‌ను నయం చేస్తాయని మేము చెప్పబోము. చెర్రీ విషయంలో అడిగిన రుజువునే వీటి విషయంలోనూ అడగాలి. కాని ఆహారంగా తినుటకు ఇవి ఏ విధంగానూ తీసిపోవని, పేద విద్యార్థికి అందుబాటులో ఉన్నవని మాత్రం నిస్సంకోచంగా చెప్పగలము.

కళాశాల పాలకవర్గానికి మా మనవి రెండు మాటలు. మన ఫలహారశాలలో రంగునీళ్ల సీసాల స్థానంలో ఋతువునుబట్టి పండ్లు లభించే ఏర్పాటు చేయవలెను. కళాశాల ఆవరణలో రోగనివారణ వాగ్దానాలతో అమ్మే పోషక సరుకుల ప్రచారానికి తావీయరాదు.

సోదర విద్యార్థులారా! పరీక్షల రాత్రులలో నిద్ర కరువైతే మొదట చేతిలోని ఫోనును దూరం పెట్టండి. సాయంకాలం తరువాత చాయ్ తగ్గించండి. పుల్లచెర్రీ దొరికితే పండుగా తిని ఆనందించండి. దానిని ఔషధమని చెప్పి అమ్మజూపేవానిని మాత్రం మూడు ప్రశ్నలు అడగండి: ఎందరిపై పరీక్షించినారు? దేనితో పోల్చినారు? ఖర్చు ఎవరు భరించినారు? ఈ మూడు ప్రశ్నలు అడగగలిగిననాడు మన చదువు సార్థకమైనదని మా విశ్వాసం.