గుర్తు పోవడం కన్నా గోలే పెద్ద కష్టం

"ముసలోళ్లకు మతిమరుపు రాక మనకొస్తదా?" జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా ఇంట్లో పెద్దాయన అన్నం తిన్న సంగతి మరిచి మళ్లీ కంచం అడిగితే మనం అనే మాట ఇదే. నవ్వుకుని ఊరుకుంటాం. కానీ సొంత కొడుకును చూసి "నువ్వెవలు బిడ్డా?" అన్ననాడు నవ్వు రాదు.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్టు 2023లో వెలువడిన అధ్యయనం చెప్పింది. అందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. మందుల్లేవా అంటే ఉన్నాయి. డొనెపెజిల్‌కు అమెరికాలో 1996లో, మెమంటైన్‌కు 2003లో అనుమతి వచ్చింది. కొన్నాళ్లు ఆసరా ఇస్తాయి తప్ప జబ్బును ఆపవు. ఈమధ్య వచ్చిన లెకానెమాబ్, డొనానెమాబ్ ఇంజెక్షన్లు తొలిదశలో ఉన్నవాళ్లకే. జబ్బు జోరును కొంత తగ్గిస్తాయంతే.

ఈ పోరులో మన హైదరాబాద్‌ వాటా కూడా ఉంది. జాస్తి వెంకటేశ్వర్లు 1989లో మొదలుపెట్టిన సువెన్ సంస్థలో కొత్త మందుల పరిశోధనను నడిపిస్తున్న శాస్త్రవేత్త డాక్టర్ రామకృష్ణ నిరోగి. ఆయన బృందం ఏళ్ల తరబడి కూర్చి తయారుచేసిన మందు పేరు మాసుపిర్డిన్. దాన్ని ఎట్లా రూపొందించిందీ 2017లో ఒక అంతర్జాతీయ రసాయన పత్రికలో వివరించారు.

అది పనిచేసే తీరు మన చెరువు లెక్కలో చెప్పుకోవచ్చు. జ్ఞాపకానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కావాలి. డొనెపెజిల్ ఉన్న నీళ్లు పోకుండా తూము బిగిస్తుంది. మాసుపిర్డిన్ మెదడులోని 5-హెచ్‌టీ6 అనే గ్రాహకాన్ని మూసి, ఆ రసాయనం ఇంకాస్త ఊరేట్టు చేస్తుంది. రెండూ కలిస్తే చెరువు నిండాలి కదా!

అదే ఆశతో డెన్మార్క్ కంపెనీ లండ్‌బెక్ ఇడలోపిర్డిన్‌నూ, మరో కంపెనీ ఆక్సోవాంట్ ఇంటెపిర్డిన్‌నూ పరీక్షించాయి. 2016, 2017ల్లో రెండూ చతికిలపడ్డాయి. అయినా సువెన్ తన పరీక్ష ఆపలేదు. అమెరికాలో 564 మంది రోగులకు, వాళ్లు అప్పటికే వాడుతున్న డొనెపెజిల్, మెమంటైన్‌లకు తోడుగా 26 వారాలు ఇచ్చి చూశారు. 2019 నవంబర్‌లో ఫలితం వచ్చింది. జ్ఞాపకశక్తి పరీక్షలో ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏళ్ల కష్టం ఒక్క వాక్యంలో తేలిపోయింది.

కథ అక్కడితో ఆగితే ఇంత రాయాల్సిన పని లేదు. ఆ లెక్కలనే మళ్లీ తిరగేస్తే ఇంకోటి కనిపించింది. మొదట్లో చిరాకు, దూకుడు ఉన్న రోగుల్లో మాసుపిర్డిన్ తీసుకున్నవాళ్లు కాస్త నెమ్మదించారు. అయితే పరీక్ష ముగిశాక వెతికి పట్టిన ఫలితం సూచన మాత్రమే, రుజువు కాదు. అందుకే ఈసారి చిరాకు, దూకుడు మీదే గురిపెట్టి 2022లో మూడో దశ పరీక్ష మొదలుపెట్టారు. అది గట్టెక్కుతుందా లేదా అన్నది ఆ పరీక్షే తేల్చాలి.

ఇది చిన్న సంగతి కాదు. ఇంట్లో చూసుకునే కోడలినో బిడ్డనో అడగండి. మరిచిపోవడాన్ని ఎట్లనో భరిస్తారు. రాత్రి రెండింటికి లేచి అరవడం, "నా పైసలు దొంగిలిచ్చిన్రు" అని నిందలేయడం, స్నానం చేయించబోతే చెయ్యెత్తడం... ఇవే మనిషిని విరగ్గొడతాయి. ఇప్పుడు అలాంటప్పుడు ఇస్తున్న మానసిక రోగాల మందులు డిమెన్షియా ఉన్న ముసలోళ్లలో మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది. ఈ గోల కోసమే 2023లో అనుమతి పొందిన తొలి మందు బ్రెక్స్‌పిప్రజోల్ మీదా ఆ హెచ్చరిక ఉంది. కాబట్టి వేరే దారి పట్టే మందు దొరికితే అది పెద్ద మేలే.

అది వచ్చేదాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బీ12 లోపం, థైరాయిడ్, దిగులు కూడా మతి తప్పిస్తాయి, వాటికి వైద్యం ఉంది. ఇప్పుడు మన మూడు జిల్లాల్లోనూ సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి, ముందు అక్కడ చూపించండి. ఉన్నట్టుండి గోల పెరిగితే నొప్పో, మలబద్ధకమో, మూత్రంలో ఇన్ఫెక్షనో ఉందేమో చూడమనండి. చెప్పుకోలేని బాధ అరుపై బయటికొస్తుంది. నిద్ర గోళీలు మీ అంతట మీరు వేయొద్దు. డాక్టర్ దగ్గర మరుపు సంగతే కాదు, రాత్రి అరుపుల సంగతీ, మీకు నిద్ర లేని సంగతీ దాచకుండా చెప్పండి. ఇంటి పరువు అనుకుని మింగేస్తే మందు రాసే మనిషికి అసలు జబ్బే తెలియదు.