ప్రతిజ్ఞ అయ్యాక...

2025 సెప్టెంబరులో హైదరాబాద్ పాత బోయిన్‌పల్లిలోని ఒక ప్రైవేటు బడిపై తెలంగాణ మాదకద్రవ్యాల నిరోధక దళం ‘ఈగల్’ పోలీసులు దాడి చేశారు. అక్కడ బయటపడింది చూసి నగరం నివ్వెరపోయింది. ఒకే ఆవరణలో ఓపక్క పిల్లల చదువులు, మరోపక్క కల్లులో కలిపే మత్తుమందు అల్ప్రాజోలం తయారీ! అందులో పిల్లల తప్పు ఆవగింజంతైనా లేదు. మత్తు గురించి వాళ్లకు బుద్ధులు చెప్పబోయే పెద్దలకు మాత్రం కాస్త వినయం ఉండాలి.

ఏటా మాదకద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26న బడి పిల్లలు వరుసగా నిలబడి, చెయ్యి చాచి మత్తు జోలికి పోమని ప్రతిజ్ఞ చేస్తారు. ఫొటో తీయగానే గంట కొడతారు. అసలు పరీక్ష సాయంత్రం ట్యూషన్ సందులో ఎదురవుతుంది. ‘ఏం గాదు రా, ఒక్క దమ్మే’ అనేది ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు కాదు, రోజూ బండి ఎక్కించుకునే దోస్తే. దోస్తీ చెడకుండా వాడికి వద్దని చెప్పడమెలా? తరగతిలో ఆడించి, అనిపించి నేర్పాల్సింది అదే.

అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ‘డేర్’ కార్యక్రమం మత్తుపై పాఠాలు చెప్పేందుకు పోలీసులను తరగతి గదుల్లోకి పంపింది. వాడకం పెద్దగా తగ్గలేదని పరిశోధనలు తేల్చాక పాఠాల తీరే మార్చుకుంది. ‘ఒక్కసారి పీలిస్తే సర్వనాశనం’ అని బెదిరిస్తే, పీల్చిన స్నేహితుడు మర్నాడు మామూలుగా క్లాసుకు రాగానే మన మాట మీద నమ్మకం పోతుంది. ఉన్నదున్నట్టు చెబితే చాలు. ఇరవై దాటాక కూడా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. పదిహేనేళ్లకే గంజాయి అలవాటైతే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరికి తీవ్ర మానసిక రుగ్మతల ముప్పూ పెరుగుతుంది.

మరి ఇప్పటికే దమ్ము లాగినవాడి మాటేమిటి? చేతిలో టీసీ పెట్టి పంపితే బడికి పీడ విరగడవుతుంది, వాడు మాత్రం అమ్మేవాడికి మరింత దగ్గరవుతాడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టమే, తనంతట తాను చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి కొద్దిపాటి సరుకు కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిస్తోంది. చట్టం చూపిన ఆ పాటి దయ బడి చూపలేదా? అమ్మేవాళ్ల సమాచారం చెప్పడానికి తెలంగాణలో 1908 ఉంది. అలవాటు మానడానికి సాయం కావాలంటే జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఏ నంబరు ఎందుకో తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల కన్నా ముందే చెప్పాలి. నిజం ఒప్పుకున్న పిల్లాణ్ని బడి నుంచి వెళ్లగొట్టబోమని కూడా ఆ రోజే, అందరి ముందూ మాటివ్వాలి. ఏటా పిల్లలతో చేయిస్తున్న ప్రతిజ్ఞకు పెద్దల వైపు నుంచి బాకీ ఉన్నది ఆ మాటే.