ఫోను నాన్నతో వెళ్ళిపోతే...

మా చిన్న ఆడపడుచు బెంగళూరులో, పిల్లలకి ఫోన్లో పాఠాలు చెప్పే ఒక కంపెనీలో టెక్నికల్ ప్రొడక్ట్ మేనేజరు. "అంటే టీచరా, ఇంజినీరా?" అని మా అత్తగారు నాలుగేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. రెండూ కాదు. పెళ్ళివారికి విడమరిచి చెప్పలేక "సాఫ్ట్‌వేరు" అనేసి ఊరుకుంటున్నాం.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగాను. ఫోన్లో పాఠం ఎలా ఉండాలి, ముందు ఏది తయారుచెయ్యాలి, ఏది అసలు వద్దు అన్నది తేల్చడం తన పనిట. టీచర్లు ఒకటంటారు, అమ్మేవాళ్ళు మరొకటంటారు, ప్రోగ్రాం రాసేవాళ్ళు "రెండు వారాల్లో ఇంతే అవుతుంది" అంటారు. అందరి మాటా విని, కాగితం మీద పెట్టి ఒప్పించాలి. వాళ్ళెవరూ తన కింద పనిచేసేవాళ్ళు కాదు కాబట్టి గట్టిగా చెప్పడానికీ లేదు. "ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి ఉద్యోగమన్నమాట!" అన్నాను. నవ్వింది గానీ కాదనలేదు.

అంతలో మా వెనక వాటాలో ఉండే ఆటో ఆయన కూతురు వచ్చింది. ఏడో తరగతి. వీళ్ళ కంపెనీ యాప్‌లోనే లెక్కలు చేస్తుంది. రోజుకో పాఠం చేస్తే ఒక దీపం వెలుగుతుంది. ఒక్క రోజు తప్పితే మొత్తం సున్నా. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది వాళ్ళ నాన్నతో పొద్దున్నే వెళ్ళి రాత్రికి వస్తుంది. పండగ గిరాకీతో ఆయన అర్ధరాత్రి దాటాక వచ్చాడట. "ఇరవై మూడు రోజులు చేశానాంటీ, ఒక్క రాత్రిలో తీసేశారు" అని ఏడ్చింది. నా ఫోనిస్తానంటే కుదరదట, ఖాతా వాళ్ళ నాన్న నంబరుకే ముడిపడి ఉంది. ఆ తీసేసిన మనుషుల్లో ఒకరు పక్కనే కూర్చుని అరిసె తింటున్నారని పాపం దానికి తెలీదు.

పిల్ల వెళ్ళాక ఆడపడుచు మెల్లగా చెప్పింది. "రోజూ ఎంతమంది తెరిచారన్న అంకె మా పైవాళ్ళు ప్రతి సోమవారం చూస్తారు వదినా. ఆ దీపాలు పెట్టాక అది పెరిగింది."

"లెక్క ఎంతమందికి వచ్చిందో చూడరా?"

"అది కొలవడం కష్టం" అంది. నా బియస్సీ బుర్రకి ఈ జవాబు రుచించలేదు.

2020 మార్చిలో బళ్ళు మూసేసినప్పుడు పాఠం ఫోన్లోకి వచ్చింది. బళ్ళు తెరిచాక కూడా చాలా ఇళ్ళల్లో అక్కడే ఉండిపోయింది. ఈ పాఠాలు తయారుచేసేవాళ్ళు మనిషికో ఫోను ఉన్న ఇళ్ళవాళ్ళు. మన చుట్టుపక్కల చూడండి, ఫోను ముందు తండ్రిది, తర్వాత కొడుకుది, మిగిలితే కూతురిది. ఈ సంగతి ఏ అంకెలోనూ కనపడదు. అడిగితే ఏ తల్లయినా చెబుతుంది, కానీ అడిగేదెవరు? కాగితం రాయకముందే నాలుగిళ్ళ గుమ్మాల్లో కాసేపు కూర్చుని రమ్మని ఈ కంపెనీలవాళ్ళని కోరుతున్నాను. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 చట్టం అంటోంది. ఆ అనుమతైనా తల్లికి అర్థమయ్యే తెలుగులో అడగండి.

ఊరెళ్ళాక తను ఊరుకోలేదు. వారంలో ఏ నాలుగు రోజులు చేసినా దీపాలు ఆరకూడదని రాసి పెట్టింది. పాత లెక్కలన్నీ మార్చాలి, ఆరు వారాలు పడుతుందన్నారు ఇంజినీర్లు. రోజూ తెరవడం మానేస్తారన్నారు అమ్మేవాళ్ళు. చివరికి కొంతమంది పిల్లలకి కొత్త పద్ధతి, మిగతావాళ్ళకి పాతదే ఉంచి రెండు నెలలు చూద్దామన్నారట. అయితే ఆఖర్న ఇద్దరికీ ఒకటే పరీక్ష పెట్టి మార్కులు కూడా చూడాలని షరతు రాయించింది. "ఆ ఒక్క ముక్కకి మూడు మీటింగులు పట్టాయి వదినా" అంది ఫోన్లో, గొంతు బొంగురుపోయి.

ఎవరు ఏ గుంపులో పడతారన్నది చీటీలు తీసినట్టేనట, తన చేతిలో కూడా లేదట. మా పిల్ల పాత గుంపులో పడింది. ఇప్పటికి తొమ్మిది దీపాలు. రాత్రి పది దాటితే చాలు, గుమ్మంలో కూర్చుని ఆటో చప్పుడు కోసం చూస్తోంది.