పలకతోపాటు కీబోర్డూ

ఫిన్లాండ్ బడుల్లో 2016 నుంచి కలిపిరాత తప్పనిసరి కాదు; విడి అక్షరాల రాతతోపాటు టైపింగ్ నేర్పుతున్నారు. పక్కనున్న స్వీడన్ 2023లో తెరల జోరు తగ్గించి, అచ్చు పుస్తకాలకు నిధులు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబులు పంచింది. పరికరమైతే చేతికొచ్చింది. ‘క్ష’ కావాలంటే క, పొల్లు, ష వరసగా నొక్కాలని ఎంతమందికి నేర్పాం? నేర్పకపోతే పిల్లలు తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టేస్తారు. ఇక సగం మాట కొట్టగానే మిగతాది ఫోనే పూర్తిచేస్తుంటే, ఒత్తు ఎక్కడ పెట్టాలో గుర్తుంచుకునే అవసరమే ఉండదు. అదే ఫోనులో కంటబడిన వార్తలో నిజమెంతో తేల్చుకోవడమూ నేటి అక్షరాస్యతే. చేతిరాత, టైపింగ్, నిజనిర్ధారణ మూడూ బడి నేర్పాల్సినవే. ఈ సంచిక వ్యాసాలు వాటి గురించే. ఉపాధ్యాయులు తమ తరగతి అనుభవాలు రాసి పంపాలని మనవి.

— సంపాదకుడు