ఉన్నదే ఎందరు?

"పాదరసంలాంటి పిల్ల" అని మన ఇళ్ళలో మెచ్చుకుంటాం. చెప్పింది చప్పున అందుకునే పిల్లకు మన భాష ఇచ్చిన బిరుదు అది. ఈ మధ్య ఆ మాట అనబోతే నాకు నోరు రావడం లేదు. పాదరసం పిల్లల్ని చురుకు చేయదు. తల్లి కడుపులో ఉండగానే వాళ్ళ చురుకును దొంగిలిస్తుంది.

కిందటి నెల మా నాందేడ్‌లో నలుగురు తెలుగువాళ్ళం కూర్చున్నచోట ఈ ముచ్చట ఎత్తాను. ఉత్తర ధ్రువ సముద్రాల్లో చేపల్లోనూ, సీల్ జంతువుల్లోనూ, వాటిని తినే మనుషుల్లోనూ పాదరసం పేరుకుంటోందని, దాని మీద మన పత్రికకు రాస్తానని అన్నాను. ఒక మిత్రుడు నవ్వాడు. "మన పిల్లలకు తెలుగు చెప్పే పంతులే దొరకడం లేదు. నీకు మంచు ఎలుగుబంట్ల సంగతి ఎందుకన్నా? అయినా అక్కడ ఉన్నదే ఎందరు?" అన్నాడు. తక్కినవాళ్ళూ నవ్వారు. ఆ చివరి ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

"ఉన్నదే ఎందరు?" ఈ ప్రశ్న మనకు కొత్తదా? 1956లో హైదరాబాదు రాష్ట్రాన్ని విడదీసి మా జిల్లాను బొంబాయి రాష్ట్రంలో కలిపిన నాటినుంచి, తెలుగు తరగతి అడిగినా, తెలుగు పుస్తకం అడిగినా మనం విన్నది ఇదే కదా! ఆ ప్రశ్నకు నొచ్చుకున్నవాళ్ళమే దాన్ని ఇంకొకరి మీదికి విసరవచ్చునా?

ముందు విషం నడిచే దారి చూద్దాం. బొగ్గులో పాదరసం ఉండేది లేశమే. కాని కాల్చేది లక్షల టన్నులు. కొలిమి వేడికి అది ఆవిరై పొగగొట్టం దాటుతుంది. ఆ ఆవిరి నెలల తరబడి గాలిలో ఉండగలదు. దానికి పాస్‌పోర్టు అక్కరలేదు. ధ్రువంలో దీర్ఘరాత్రి ముగిసి సూర్యుడు తిరిగి కనిపించే వసంతకాలంలో, సముద్రపు ఉప్పునుంచి పుట్టే బ్రోమిన్ ఆ ఆవిరి రూపు మార్చి మంచు మీదికి దించుతుంది. కెనడా ఉత్తరాగ్రాన అలర్ట్ అనే చోట 1995లో శాస్త్రజ్ఞులు ఈ వింతను పట్టుకున్నారు. గాలిలో ఉండవలసిన పాదరసం ఆ రోజుల్లో ఉన్నట్టుండి మాయమయ్యేది. మంచు మీద పడినదానిలో కొంత మళ్ళీ గాలిలో కలుస్తుంది. కొంత సముద్రం పాలవుతుంది.

సముద్రంలో సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. దాన్ని నాచు పీలుస్తుంది, నాచును చిన్న పురుగు తింటుంది, పురుగును చేప, చేపను సీల్, సీల్‌ను ఎలుగుబంటి తింటాయి. ఒంట్లో చేరినది తొందరగా పోదు. మెట్టు మెట్టుకూ పెరుగుతుంది, షావుకారు చక్రవడ్డీలాగా. ఆర్కిటిక్ దేశాల పర్యవేక్షణ సంస్థ 2011 నివేదిక ప్రకారం, నూట యాభై ఏళ్ళలో అక్కడి పెద్ద జంతువుల్లో పాదరసం సుమారు పదింతలైంది. నేడు వాటిలో ఉన్నదానిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా మనుషుల పనుల వల్ల చేరిందే. ఆ మనుషులు అక్కడివాళ్ళా? కాదు. ఐక్యరాజ్యసమితి లెక్కలో 2015లో ప్రపంచమంతటా మనుషులు గాలిలోకి వదిలినది సుమారు 2,220 టన్నులు. అందులో దాదాపు సగం మన ఆసియా ఖండానిది. చిన్న బంగారు గనులది మొదటి వాటా, నూటికి 38 వంతులు. బొగ్గు మంటలది తర్వాతి వాటా, 21 వంతులు.

మన గోదావరి గట్టున రామగుండం కేంద్రం 1983 నుంచి కరెంటు ఇస్తోంది. ఈ పక్క పర్లీలో ఉంది మరొకటి. ఏ పొగలోని ఏ అణువు ఏ సీల్ ఒంట్లో చేరిందో ఎవరూ వేలు పెట్టి చూపలేరు. అందుకే ఎవరికీ సిగ్గు వేయడం లేదు.

ఇప్పుడు పిల్లల సంగతి. ఉత్తర అట్లాంటిక్‌లో ఫారో దీవులున్నాయి. జనం యాభై వేల పైచిలుకు. డెన్మార్క్ ఏలుబడిలో డేనిష్ పక్కన నలిగి, తమ ఫారో భాషను 1948లో ప్రధాన భాషగా నిలబెట్టుకున్నవాళ్ళు. వాళ్ళ తిండిలో పైలట్ తిమింగలం మాంసం తరతరాలది. 1986, 87ల్లో అక్కడ పుట్టిన సుమారు వెయ్యిమంది శిశువుల బొడ్డుతాడు రక్తంలో పాదరసం కొలిచారు. ఏడేళ్ళ వయసులో వాళ్ళను పరీక్షించారు. గ్రాంజీన్ అనే వైద్యుడి బృందం 1997లో ఫలితాలు ప్రకటించింది. పాదరసం ఎక్కువ తగిలిన పిల్లలకు భాషలో, ఏకాగ్రతలో, జ్ఞాపకంలో కొరత కనిపించింది. బొమ్మ చూపి పేరు చెప్పమంటే మాట అందలేదు. చూడడానికి బాగున్న పిల్లలే, బడికి పోయే పిల్లలే. మందగించినది కొద్దిగానే. కాని ఆ కొద్దీ ఎక్కడ? మాట దగ్గర!

భాష కోసం పత్రిక నడుపుకునే మనకు ఇది పరాయి సంగతా? పంతులు లేకపోతే రేపు పంతులును తెచ్చుకోవచ్చు. కడుపులోనే పోయిన మాటను ఏ బడి తెచ్చి ఇస్తుంది?

"అయితే ఆ మాంసం తినడం మానమనండి" అనేవారున్నారు. 2008లో ఫారో వైద్యాధికారులు అదే చెప్పవలసి వచ్చింది. వైద్యుడిగా అది ధర్మమే. కాని న్యాయం మాటేమిటి? బొగ్గు కాల్చినవాడు కాలుస్తూనే ఉంటాడు, తినేవాడు తాతల తిండి వదులుకోవాలి. "మరాఠీ బడిలో వేస్తే సరిపోతుంది కదా" అని మనకిచ్చే సలహాకూ దీనికీ ఏమిటి తేడా? సర్దుకోవలసింది ఎప్పుడూ తక్కువమంది ఉన్నవాడేనా?

జపాన్‌లో మినమాట అనే పల్లెతీరంలో కర్మాగారం వదిలిన పాదరసానికి జనం కాళ్ళుచేతులు వంకరపోయి చనిపోయారు. ఆ జబ్బు అధికారికంగా బయటపడినదీ 1956లోనే. ఆ ఊరి పేరుతో 2013లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2018లో మన దేశమూ దాన్ని ఆమోదించింది. ధ్రువప్రాంతపు ఆదివాసుల తిండి విషమవుతున్నదని ఆ ఒప్పందం పీఠికలోనే ఉంది. అంటే మనం తెలిసే సంతకం చేశాం.

మరి చేసిందేమిటి? 2015 డిసెంబరులో కేంద్రం థర్మల్ కేంద్రాల పొగలో పాదరసానికి తొలిసారి హద్దు పెట్టింది. గంధకానికీ పెట్టింది. గంధకాన్ని కడిగే ఎఫ్‌జీడీ యంత్రం నీటిలో కరిగే పాదరసాన్ని కూడా కొంత పట్టుకుంటుంది. గడువులు మాత్రం మళ్ళీ మళ్ళీ జరిగాయి. చివరికి 2025 జులైలో, పది లక్షలు దాటిన నగరాలకూ ఢిల్లీ ప్రాంతానికీ పది కిలోమీటర్లలోపు ఉన్నవాటికి గడువు ఉంచి, కాలుష్యం ముదిరినచోట్ల ఉన్నవాటి సంగతి విడిగా చూస్తామని, తక్కినవాటిని గంధకపు నియమంనుంచి మినహాయించారు. నూటికి 78 వంతుల యూనిట్లు ఈ తక్కినవాటిలోనివే. షరతు ఒక్కటే: పొగగొట్టం తగినంత ఎత్తుండాలి.

మన బొగ్గులో గంధకం తక్కువ అన్నది ప్రభుత్వ వాదన. కావచ్చు. గంధకం లెక్క వేరు, పాదరసం లెక్క వేరు. ఎత్తయిన గొట్టం పాదరసాన్ని తగ్గిస్తుందా? దూరం పంపుతుంది, అంతే.

2011 లెక్కల్లో మా నాందేడ్ నగర జనాభా అయిదున్నర లక్షలు. పది లక్షల గీతకు మేము ఆవలివాళ్ళమే. మిత్రుడు నవ్వుతూ అడిగిన ప్రశ్నను ప్రభుత్వం గెజిట్‌లో అచ్చువేసింది: ఉన్నదే ఎందరు?

దీపాలు ఆర్పమని నేను అనడం లేదు. కరెంటు లేని రాత్రులు ఎరిగినవాణ్ణే. పొగను కడగమంటున్నాను. ఏ గొట్టంనుంచి ఎంత పాదరసం పోతోందో ఏటేటా ఆ చుట్టుపట్ల జనం భాషలో, అది మరాఠీ గాని తెలుగు గాని, ప్రకటించమంటున్నాను. తలలు లెక్కపెట్టి ప్రాణానికి విలువ కట్టే పద్ధతిని ఒప్పుకోవద్దంటున్నాను. తక్కువమందిమి కనుక ఆ మాట ముందు మనమే అనాలి.

మిత్రుడు ఈ వ్యాసం చదువుతాడు. మళ్ళీ కూర్చున్నప్పుడు నవ్వితే నవ్వనీ. ఆ ప్రశ్న మాత్రం ఇంకెవరినీ అడగడని నా ఆశ.