సినిమా చూస్తే చదువు పాడవుతుందా?

సినిమాలు చూస్తే చదువు పాడవుతుందని పెద్దలంటారు. చూసి ఊరుకుంటే పాడవుతుందేమో గానీ, చూసి మనమూ ఏదైనా చేస్తే పాడవదని నా అభిప్రాయం.

1993లో వచ్చిన జురాసిక్ పార్క్ మన హాస్టల్ టీవీలో చూశాం కదా. అది తీసిన స్టీవెన్ స్పీల్‌బర్గ్ చిన్నప్పుడు అమెరికాలో ఫీనిక్స్ అనే ఊళ్ళో ఉండేవాడు. వాళ్ళ నాన్న మొదట చూపించిన సినిమాలో రైలు ప్రమాదం ఉంది. అది మనసులోంచి పోలేదంట. బొమ్మ రైళ్ళు గుద్దించి నాన్న కెమెరాతో తీశాడు. తర్వాత ముగ్గురు చెల్లెళ్ళు, బళ్ళో స్నేహితులే నటులు. ఊరి పక్క ఎడారే యుద్ధభూమి. 17 ఏళ్ళకు ‘ఫైర్‌లైట్’ అని రెండు గంటల పైన సినిమా తీసి, 1964 మార్చి 24న ఆ ఊళ్ళోనే ఒక్క రాత్రి ఆడించాడు. ఆ ఏడే కుటుంబం కాలిఫోర్నియా వెళ్ళిపోయింది. ఆ సినిమాలో ఇప్పుడు కొద్ది నిమిషాలే మిగిలాయి.

ఊరు మారకముందే, ఉన్నవాటితోనే తీశాడు. అది నాకు నచ్చింది.

మనలో కొందరి ఊళ్ళు ప్రాజెక్టు ముంపులో ఉన్నాయి. ఇల్లు ఇంకోచోట కట్టిస్తారు. వాగు, ఇప్పచెట్లు కాలనీకి రావు. అవ్వలు పాడే రేల పాటలు కూడా మరిచిపోతాం. అందుకే సెలవుల్లో అన్నయ్యల ఫోన్లో వేరేవి చూసే బదులు అవ్వ పాట, మన ఇల్లు, భూమి పండుగ తీద్దాం. పోకుండా దాచుకుందాం.

ఒక ఆదివారం సినిమా బదులు అవి టీవీలో వేయించాలని వార్డెన్ మేడం గారిని కోరుతున్నాను. చదువు పాడవదు మేడం.