సమ్మోహనం అనే సాకు



సూపర్‌హీరోల రోల్‌ప్లేయింగ్ ఆటలలో ఒక ఖలనాయకుడు తరచుగా ప్రత్యక్షమవుతూ ఉంటాడు. కాలం ప్రపంచయుద్ధ కాలం. వృత్తి గూఢచర్యం. ఆయుధం చూపు. అతడు తేరిపార చూస్తే చాలు, సేనానులు రహస్యపత్రాలు అప్పగిస్తారు, కావలివాళ్లు తలుపులు తీస్తారు, మిత్రుడు మిత్రునిపైనే తుపాకి ఎక్కుపెడతాడు. తెల్లవారి లేచాక ఎవరికీ ఏదీ జ్ఞాపకం ఉండదు. కనుక ఎవరి తప్పూ లేదు. సరిగ్గా ఈ చివరి మాట దగ్గరే నా పేచీ.

ఈ ఆటలు ఎరుగని మిత్రుల కోసం రెండు మాటలు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు సూత్రధారుడు, కథను నడిపేదీ, ఖలనాయకుని పక్షాన మాట్లాడేదీ అతడే. మిగిలినవారు తలా ఒక వీరుని పాత్ర ధరిస్తారు. ఏ వీరుడు ఏమి చేయదలచాడో ఆటగాడు నోటితో చెబుతాడు, అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట అచ్చుకెక్కింది. 1981లో వచ్చిన ఛాంపియన్స్ వంటివి దానిని సూపర్‌హీరోల లోకానికి తెచ్చాయి. ఒక్కమాటలో చెప్పాలంటే ఇది ఆశునాటకం. నాటకం కనుక, పాత్రౌచిత్యం గురించి మాట్లాడే హక్కు అలంకారశాస్త్రం చదువుకున్న నావంటివానికీ కొంత ఉన్నదనుకుంటాను.

ఈ వశీకరణ గూఢచారి ఎక్కడ పుట్టాడో చూడండి. 1894లో జార్జ్ డు మారియే రాసిన ట్రిల్బీ నవలలో స్వెంగాలీ అనే పాత్ర ఉంది. గొంతు పలకని పిల్లను తన వశీకరణశక్తితో మహాగాయనిని చేస్తాడు. రచయిత అతనిని యూదుణ్ణి చేసి, యూదులపై నాడున్న ఏవగింపునంతా ఆ కళ్లలో నింపాడు. 1912లో సాక్స్ రోమర్ ఫూ మాంచూను సృష్టించాడు. ఈసారి ఆ కళ్లు చీనావానివి. తరువాత యుద్ధం వచ్చింది, మాతా హరి వచ్చింది. ఆమె అసలు పేరు మార్గరెతా జెల్లె, డచ్చి స్త్రీ. 1905లో పారిస్‌లోని గిమే మ్యూజియంలో నాట్యమాడినప్పుడు మన దక్షిణదేశపు దేవాలయాలలో నాట్యం అభ్యసించానని ప్రచారం చేసుకున్నది. ఫ్రెంచివారు ఆమెను జర్మన్ గూఢచారిణిగా నిర్ధారించి 1917 అక్టోబరు 15న కాల్చివేశారు. ఆమె చేరవేసిన రహస్యాలు ఎంతపాటివన్నది నేటికీ వివాదమే. కాని లోకానికి గుర్తున్నది ఆమె చూపూ, నాట్యమూ, వాటికి లొంగిపోయారట అనే సేనాధికారులూ! అధికారుల నోటిదురుసు ఎవరికీ గుర్తు లేదు. వారు ‘సమ్మోహితులు’ గదా!

వరుస గమనించారా? మంత్రించే కన్ను ఎప్పుడూ పరాయివానిదే. యూదునిది, చీనావానిది, మన గుడి పేరు చెప్పుకున్న ఆడుదానిది. తమ ఇంట్లో జరిగిన ద్రోహానికి తమవారిని తప్పించి పరదేశి కంటిని బోనెక్కించడమే ఈ పాత్ర చేసే పని. ఇది నా మొదటి ఆక్షేపణ.

రెండవది, ఇది అబద్ధం. హిప్నాటిజం అబద్ధమనడం లేదు. 1840లలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే వైద్యుడు హుగ్లీలోనూ కలకత్తాలోనూ రోగులను మెస్మరిజంతో నిద్రపుచ్చి శస్త్రచికిత్సలు చేశాడు. నొప్పిని మరపించడం వేరు, మనిషిని మరబొమ్మను చేయడం వేరు. ఆ రెండవ పనికోసం అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. 1953లో ఎమ్‌కే-అల్ట్రా అనే రహస్య పథకాన్ని ఆరంభించి, మాదకద్రవ్యాలతోపాటు హిప్నాటిజాన్ని కూడ ప్రయోగించి చూసింది. 1973లో ఆ కాగితాలు చాలావరకు తగులబెట్టించారు. 1975 తరువాత మిగిలినవి బయటపడ్డాయి. అంత ధనమూ, అంత అధర్మమూ ఖర్చు చేసినా, చూపుతో నడిచే గూఢచారి ఒక్కడు తయారైన దాఖలా వాటిలో లేదు.

1965లో మార్టిన్ ఓర్న్, ఫ్రెడరిక్ ఎవాన్స్ అనే మనస్తత్త్వవేత్తలు మరొక పరీక్ష ప్రకటించారు. సమ్మోహితులను విషసర్పాన్ని పట్టుకొమ్మన్నారు, ఆమ్లంలో నుంచి నాణెం తీయమన్నారు, ఆ ఆమ్లాన్ని ఎదుటివానిమీద చల్లమన్నారు. చాలామంది చేయబోయారు. ఆహా, చూశారా శక్తి, అనబోతారేమో! సమ్మోహితులుగా నటించండని చెప్పి కొందరిని పక్కనుంచారు. వారూ అవే పనులు చేయబోయారు! శాస్త్రజ్ఞుడు తమకు హాని కలగనీయడన్న నమ్మకమే ఆ చేతులను నడిపించింది. కంటికున్న శక్తికన్న కుర్చీకున్న శక్తి ఎక్కువ.

ఇక మన కౌటిల్యుని మాట. అర్థశాస్త్రం నాలుగవ అధికరణం అయిదవ అధ్యాయంలో సిద్ధవ్యంజనులు కనిపిస్తారు. అంటే సిద్ధుల వేషంలోని గూఢచారులు. దొంగబుద్ధి ఉన్న కుర్రవాళ్లను చేరదీసి, తలుపులు తెరిపించే మంత్రం, కావలివాళ్లను నిద్రపుచ్చే మంత్రం, మనిషిని కనబడకుండా చేసే మంత్రం, పరస్త్రీలను వశపరచే మంత్రం తమకు తెలుసునంటారు. ఒక ఊరికని బయలుదేరి, అంతదూరం ఎందుకులే అంటూ మధ్యలో మరొక ఊరికి తీసుకుపోతారు. అక్కడి మనుషులు ముందే ఏర్పాటైనవారు. మంత్రం చదవగానే తలుపు తెరుచుకుంటుంది, లోపలివాడు తీస్తాడు గనుక. కావలివాడు నిద్రపోతాడు, వాడికి ముందే చెప్పారు గనుక. నిజంగా వశమైనవాడు ఆ ఊళ్లో ఒక్కడే. మంత్రాన్ని నమ్మిన కుర్రవాడు. వాడిని వశపరచినది వాడి దొంగకోరికే!

మొదటి అధికరణంలోని తాపసవేషధారీ ఇటువంటివాడే. నెలకో రెండు నెలలకో పదిమందిలో గుప్పెడు కూర తింటాడు, చాటున కావలసినది తింటాడు. అతడు జోస్యం చెబుతాడు, తోటి చారులు దానిని నిజం చేస్తారు. రెండువేల ఏళ్లకు పూర్వమే మనవారు వశీకరణాన్ని విప్పి లోపలి చక్రాలు చూపించారు. కౌటిల్యుడు మంత్రతంత్రాలను బొత్తిగా కాదన్నవాడు కాడు, పద్నాలుగవ అధికరణమంతా అవే. అయినా పని జరగవలసిన చోట మాత్రం అతడు మంత్రాన్ని కాక మనిషి కోరికను నమ్ముకున్నాడు.

ఆశ్చర్యమేమంటే, పైన చెప్పిన ఛాంపియన్స్ ఆట నియమాలు కూడ ఈ మాటే అంటాయి. ఆ పుస్తకం మా మనవడు చూపిస్తే చదివాను. అందులో మనసును వశపరచే శక్తికి నాలుగు మెట్లున్నాయి. పాచికల మొత్తం ఎదుటివాని మనోబలాన్ని మించితే, అతడు తనకు ఎలాగూ ఇష్టమైన పని చేస్తాడు. మరి పది ఎక్కువైతే, అభ్యంతరం లేని పని. ఇరవై ఎక్కువైతే, ఒప్పుకోని పని. ప్రాణం పోయినా చేయనన్న పని చేయించాలంటే ముప్పై ఎక్కువ పడాలి. పైగా ఆ పట్టు తెంచుకొనే అవకాశం బాధితునికి ఉంటుంది. ఇది పాచికల భాషలో రాసిన కౌటిల్యం! ఇంత చక్కని నియమం చేతిలో ఉండగా, ఖలనాయకుని కల్పించేవారు ఆ నాలుగవ మెట్టుకు సరిపడా పాచికలు పోగుచేసి, కథనంతా అక్కడే కూర్చోబెడతారు. వీరుని నోటినుంచి మాట లాగేసుకుంటారు. ఆ పూటంతా ఆటగాడు చేతులు కట్టుకు కూర్చోవలసిందే. ఆశునాటకంలో నటుని నోరు నొక్కడం రసభంగం కాక మరేమిటి?

యుద్ధకాలపు బొమ్మల కథలు కూడ దీనికంటె మేలు. 1943లో వండర్ ఉమన్ అయిదవ సంచికలో డాక్టర్ సైకో అనే ఖలుడు వచ్చాడు. సృష్టికర్త విలియం మార్‌స్టన్ స్వయంగా మనస్తత్త్వవేత్త. ఈ సైకో తన భార్యను సమ్మోహితురాలిని చేసి, ఆమె మాధ్యమంగా జార్జ్ వాషింగ్టన్ ఆత్మను రప్పించినట్టు భ్రమింపజేసి, ఆడవాళ్లను యుద్ధపు పనులలో నమ్మవద్దని ఆ నోట పలికిస్తాడు. సభవారు నమ్ముతారు. ఎందుకు నమ్మారు? ఆ మాట అప్పటికే వారి కడుపులో ఉంది. వాషింగ్టన్ వచ్చి దానికి ముద్ర వేశాడు. భార్యమీద ప్రయోగించినది సమ్మోహనం; సభమీద ప్రయోగించినది సభే!

మరి విరాటపర్వంలో అర్జునుడు సమ్మోహనాస్త్రం వేయలేదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. వేశాడు. కౌరవులు మూర్ఛపోయారు, ఉత్తరుడు వారి వస్త్రాలు తెచ్చుకున్నాడు. ఆ అస్త్రం శత్రువును పడుకోబెట్టింది గాని, వానిచేత పాపం చేయించలేదు. ప్రతిక్రియ తెలిసిన భీష్ముడు దానికి లొంగలేదు. లేచిన దుర్యోధనునికి సమ్మోహనం సాకుగా పనికిరాలేదు; తాతగారి చేత మాట పడి, సిగ్గుతో ఇంటికి మళ్లాడు.

పిల్లల ఆటకు ఇంత రాద్ధాంతమా అంటారేమో. ఎవరో చెప్పారు, నేను చేశాను అనే మాటను బడిలో దశాబ్దాల పాటు విన్నవాడిని. అది పిల్లల నోట వింటే నవ్వు వస్తుంది, పెద్దల నోట వింటే భయం వేస్తుంది. ఆల్బర్ట్ స్పియర్ సంగతే తీసుకోండి. 1942 నుంచి హిట్లర్ కొలువులో ఆయుధమంత్రి. అతని ఏలుబడిలో లక్షలాది మంది బలవంతపు కూలీలు పనిచేశారు. నూరెంబర్గ్‌లో ఇరవై ఏళ్ల శిక్ష పడింది, అనుభవించి బయటికి వచ్చాడు. 1969లో వెలువడిన ఆత్మకథలో, హిట్లర్ ఉపన్యాసం తనను ఎట్లా కట్టిపడేసిందో విస్తారంగా వర్ణించుకున్నాడు. పాఠకులు ఎగబడి చదివారు. ఎందుకు చదవరు? దేశమంతా వినాలనుకున్న మాట అది. ఒక ఉపన్యాసం మనిషిని ఒక పూట కట్టివేస్తుందేమో; మంత్రిపదవిలో అన్నేళ్లు సంతకాలు పెట్టించేది కన్ను కాదు, పదవి.

కనుక ఖలుని కల్పించే మిత్రులకు నా విన్నపం. మీ గూఢచారికి హిప్నాటిజం ఇవ్వండి, వద్దనను. నాలుగవ మెట్టు మాత్రం ఇవ్వకండి. మొదటి రెండింటితో అతనిని బతకనివ్వండి. అతని దగ్గర ఒక పుస్తకం ఉండాలి. ఏ గుమాస్తాకు అప్పులున్నాయి, ఏ సేనానికి పదోన్నతి అందలేదు, ఏ వీరునికి తోటివీరునిపై కడుపుమంట ఉంది అన్నవి అందులో రాసుకోవాలి. స్పెయిన్ దేశస్థుడు హువాన్ పుజోల్ బ్రిటిష్‌వారి పక్షాన ఏమి చేశాడు? లేని ఇరవైయేడుగురు ఉపచారులను కల్పించి జర్మన్లకు ఉత్తరాలు రాశాడు. నార్మండీ దాడి ఉత్తుత్తిదని 1944 జూన్‌లో నమ్మించాడు. జర్మన్లు అతనికి ఐరన్ క్రాస్ ఇచ్చారు, బ్రిటిష్‌వారూ ఒక బిరుదు ఇచ్చారు. అతని కళ్లను చూసి మోసపోయినవారు లేరు. తాము వినగోరినది చదివి మోసపోయారు.

అటువంటి ఖలుడు పట్టుబడిన నాడు ఆట ముగియదు, అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. తలుపు తీసిన కావలివాడు వీరుని ఎదుట నిలబడి, నన్ను మంత్రించాడయ్యా అంటాడు. అతనిని ఏమి చేయాలో వీరుడు తేల్చుకోవాలి. ఆ ప్రశ్నకు పాచికలు సమాధానం చెప్పవు, బల్ల చుట్టూ కూర్చున్నవారే చెప్పాలి.

స్వస్తి.